న్యూజెర్సీ ఖరీదైన సబర్బుల్లో అఫోర్డబుల్ ఇల్లు: అప్లికేషన్ నుంచి తాళం చెవి దాకా

ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో అద్దెకుంటున్న మనవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది. "వెస్ట్ విండ్సర్, బ్రిడ్జ్‌వాటర్, మాంట్‌గోమరీ వైపు స్కూళ్లు బాగుంటాయి. అద్దెలు మాత్రం మా వల్ల కావు. అక్కడ కూడా తక్కువ అద్దె ఇళ్లుంటాయట కదా, మాకిస్తారా? ఎవరిని అడగాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాసిపెడితే పదిమందికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ ఇళ్లను లాటరీ తీసి ఇస్తారు. లాటరీలో ఏ నంబర్ వస్తుందనేది మీ చేతిలో లేదు. ఎన్ని లిస్టుల్లో మీ పేరుంది, పిలుపొచ్చిన రోజున కాగితాలు సిద్ధంగా ఉన్నాయా అన్నవి మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉన్నాయి. నేను చూసినంతలో చాలామందికి నంబర్ వచ్చింది, ఇల్లు రాలేదు. కాగితాల దగ్గర ఆగిపోయారు. అందుకే ఇందులో కాగితాల గురించే ఎక్కువ ఉంటుంది.

ఇది దానం కాదు

1975లో మౌంట్ లారెల్ అనే టౌన్‌షిప్ మీద నడిచిన కేసులో న్యూజెర్సీ సుప్రీం కోర్టు ఒక తీర్పిచ్చింది. పెద్ద పెద్ద స్థలాల్లో పెద్ద ఇళ్లే కట్టాలని జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే) నిబంధనలు పెట్టి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లను ఊరి బయటే ఆపేయడం కుదరదని ఆ తీర్పు సారాంశం. 1983లో అదే కోర్టు ఆ మాటను ఇంకా గట్టిగా చెప్పింది. 1985లో దీనికోసం రాష్ట్రం చట్టం చేసింది. 2024 మార్చిలో ఆ చట్టాన్ని సవరించి, 2025 నుంచి 2035 వరకు ఏ ఊరు ఎంత బాధ్యత మోయాలో తేల్చే పద్ధతిని మార్చారు. మీరు చూసే కొత్త అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల్లో కొన్ని యూనిట్లు తక్కువ అద్దెకు ఉండటానికి కారణం ఇదే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "నలుగురూ ఏమనుకుంటారో" అని అప్లై చేయడమే మానేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఊరి మీద ఉన్న బాధ్యత అది. మీరు ఎవరి దగ్గరా చేయి చాచడం లేదు. మౌంట్ లారెల్‌లో కట్టిన ఎథెల్ లారెన్స్ హోమ్స్ మీద ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ సోషియాలజిస్టు డగ్లస్ మాసీ బృందం అధ్యయనం చేసి, వాటివల్ల చుట్టుపక్కల ఇళ్ల ధరలు పడిపోలేదని, నేరాలు పెరగలేదని తేల్చింది. పిల్లలకు మంచి స్కూలు, మీకు అందుబాటులో అద్దె కావాలనుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఎవరికి వర్తిస్తుంది

ఆదాయాన్ని మూడు మెట్లుగా చూస్తారు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 30 శాతం లోపు అయితే వెరీ లో, 50 శాతం లోపు అయితే లో, 80 శాతం లోపు అయితే మోడరేట్. ఈ లెక్క కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. గ్యాస్ స్టేషన్‌లో, రెస్టారెంట్‌లో, డేకేర్‌లో పనిచేసేవాళ్లకే ఇది అనుకోవద్దు. మిడిల్‌సెక్స్, సోమర్‌సెట్ కౌంటీల వైపు నలుగురున్న కుటుంబానికి మోడరేట్ పరిమితి లక్ష డాలర్లు దాటింది. ఒక్కరే సంపాదిస్తున్న చాలా ఆఫీసు ఉద్యోగుల కుటుంబాలు కూడా ఇందులోకి వస్తాయి.

వీసా సంగతి అందరూ అడుగుతారు. మూడు రకాల ఇళ్లను కలిపేయకండి.

టౌన్‌షిప్ కోటా కింద ప్రైవేటు బిల్డర్ కట్టిన అఫోర్డబుల్ యూనిట్లకు సాధారణంగా పౌరసత్వం, గ్రీన్ కార్డు షరతు ఉండదు. ఫెడరల్ టాక్స్ క్రెడిట్‌తో (తక్కువ అద్దె ఇళ్లు కట్టేవాళ్లకు ఇచ్చే పన్ను రాయితీతో) కట్టిన అపార్ట్‌మెంట్లకు కూడా ఆ షరతు లేదు. కానీ ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులే అయితే, కొన్ని మినహాయింపులు తప్ప, అవి దొరకవు. ఎంఎస్ చదువుతున్న రూమ్మేట్స్ ఇది గమనించాలి. మూడోది సెక్షన్ 8 వౌచర్లు (అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే సాయం), పబ్లిక్ హౌసింగ్ (ప్రభుత్వ సంస్థలే నడిపే ఇళ్లు). వీటికి పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు లాంటి కొన్ని వర్గాలే అర్హులు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు రావు. గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉంటే సంతకం పెట్టేముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడగండి. పబ్లిక్ చార్జ్ నిబంధనలు (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారేమోనని చూసేవి) ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి.

కావలసినవి

ఇవన్నీ ఇప్పుడే తెచ్చి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. పిలుపొచ్చాక వెతుక్కుంటే సరిపోయేంత టైమ్ ఉండదు.

- 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరివి వరుసగా నాలుగు పే స్టబ్‌లు. మధ్యలో ఒక్కటి లేకపోయినా ఒప్పుకోరు.
- గత మూడేళ్ల ఫెడరల్, స్టేట్ టాక్స్ రిటర్న్‌లు, వాటితో పాటు డబ్ల్యూ-2లు, 1099లు. మొదటి పేజీ ఒక్కటే కాదు, అన్ని పేజీలూ.
- అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు. చాలాచోట్ల ఆరు నెలలవి అడుగుతారు. ఖాళీగా ఉన్న చివరి పేజీ కూడా ఉండాలి.
- సోషల్ సెక్యూరిటీ, నిరుద్యోగ భృతి, డిజెబిలిటీ, పెన్షన్, చైల్డ్ సపోర్ట్ వస్తుంటే వాటి లెటర్లు.
- అందరి ఫొటో ఐడీలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు. విడాకులు అయ్యుంటే కోర్టు ఆర్డర్.
- ఇప్పటి లీజు, అద్దె కడుతున్నట్టు రుజువు.
- కాలేజీలో ఉన్న పెద్ద పిల్లలుంటే, ఫుల్‌టైమ్ విద్యార్థి అని కాలేజీ ఇచ్చిన లెటర్.

ఇక అడుగులు

1. మీ గ్రాస్ ఆదాయం లెక్కవేయండి

చేతికొచ్చే జీతం కాదు, టాక్సులు, ఇన్సూరెన్స్, 401కె కోతలకు ముందున్న జీతం. గంటకు 22 డాలర్లు, వారానికి 40 గంటలు అయితే ఏడాదికి 45,760 డాలర్లు. రెండు వారాలకోసారి జీతం వచ్చేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. నెలకు రెండు అనుకుని 24తో గుణిస్తారు. ఏడాదికి వచ్చేవి 26 చెక్కులు. 1,760ని 24తో గుణిస్తే 42,240 వస్తుంది, అంటే 3,520 డాలర్లు తక్కువ చూపించినట్టు. రేపు పే స్టబ్‌లు చూసినప్పుడు ఏజెంట్‌కి (ఊరి తరఫున అప్లికేషన్లు చూసేవాళ్లకి) ఆ తేడా కనిపిస్తుంది. అప్పుడు మీరు వేరే మెట్టులోకి వెళ్లొచ్చు, పరిమితే దాటిపోవచ్చు కూడా.

ఓవర్‌టైమ్, బోనస్, టిప్స్, వారాంతంలో ఊబర్ నడిపితే వచ్చేది, అన్నీ చేర్చాలి. ఇండియాకు పంపే డబ్బును తీసేయడానికి వీల్లేదు. ఇండియాలో ఇంటి మీద అద్దె వస్తుంటే అది ఆదాయమే. అక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్లు, వాటి మీద వడ్డీ కూడా రాయాలి. "అక్కడిది వీళ్లకేం తెలుస్తుంది" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. టాక్స్ రిటర్న్‌లో ఉండి ఇక్కడ లేకపోతే అబద్ధం చెప్పినట్టే. అప్లికేషన్ చివర మీ సంతకం ఉంటుంది.

2. ఇంట్లో ఎవరెవరు ఉంటారో తేల్చుకోండి

ఆ ఇంట్లో నిజంగా ఉండబోయేవాళ్లే లెక్క. ఆరు నెలలకు విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలను కుటుంబ సంఖ్యలో వేయకూడదు. గ్రీన్ కార్డుతో మీ దగ్గరే స్థిరంగా ఉంటే వేయాలి, వాళ్ల ఆదాయం కూడా చూపించాలి. భార్యాభర్తల్లో ఒకరు వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో వస్తుంటే, ఆ విషయం దాచకుండా ఏజెంట్‌నే అడగండి.

బెడ్రూముల విషయంలో పాటించే పద్ధతి తెలిస్తే ఏవి టిక్ చేయాలో సులువవుతుంది. బెడ్రూముకు కనీసం ఒక మనిషి, ఒక్కో దాంట్లో ఇద్దరికి మించకుండా చూస్తారు. ఆడపిల్లకు, మగపిల్లాడికి వేరువేరు గదులు వచ్చేలా చూస్తారు. అంటే నలుగురున్న కుటుంబం రెండు బెడ్రూములకు, మూడు బెడ్రూములకు కూడా పేరివ్వొచ్చు. వీలున్నన్ని టిక్ చేయండి.

3. మీ రీజియన్ ఏదో చూసుకోండి

ఈ సంగతి తెలియక ఏళ్లకేళ్లు ఎదురుచూసేవాళ్లున్నారు. ఇల్లు వెతికే పద్ధతి మొత్తం దీన్నిబట్టి మారుతుంది కాబట్టి జాగ్రత్తగా చదవండి.

రాష్ట్రాన్ని ఆరు హౌసింగ్ రీజియన్లుగా విడదీశారు. చాలా ఊళ్లు తమ రీజియన్‌లో నివసించేవాళ్లకు గానీ, అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకు గానీ ముందు అవకాశమిస్తాయి. మిగతావాళ్లు వాళ్ల తర్వాతే. మనవాళ్లు ఎక్కువగా ఉండేచోట్ల లెక్క ఇది: బెర్గెన్, హడ్సన్, పసెయిక్, ససెక్స్ కౌంటీలు ఒకటో రీజియన్. ఎసెక్స్, మోరిస్, యూనియన్, వారెన్ రెండోది. హంటర్‌డన్, మిడిల్‌సెక్స్, సోమర్‌సెట్ మూడోది. మెర్సర్, మన్‌మత్, ఓషన్ నాలుగోది.

ఎడిసన్‌ది మిడిల్‌సెక్స్ కౌంటీ. అక్కడుండేవాళ్లకు సోమర్‌సెట్ కౌంటీలోని బ్రిడ్జ్‌వాటర్, మాంట్‌గోమరీ ఒకే రీజియన్. వెస్ట్ విండ్సర్ మాత్రం మెర్సర్ కౌంటీ, అంటే వేరే రీజియన్. దాని కోసమే కూర్చుంటే వెనక వరసలో ఉంటారు. ఇక్కడ మంచి ప్రత్యామ్నాయం ఒకటుంది. ప్లెయిన్స్‌బరో మిడిల్‌సెక్స్‌లోనే ఉంది, దానికీ వెస్ట్ విండ్సర్‌కీ స్కూల్ డిస్ట్రిక్టు ఒకటే. ఎడిసన్ నుంచి అప్లై చేసేవాళ్లు ముందు ప్లెయిన్స్‌బరో చూడాలి.

జెర్సీ సిటీ హడ్సన్ కౌంటీ కాబట్టి అక్కడివాళ్లకు బెర్గెన్ కౌంటీ సబర్బులు దగ్గర దారి. ఉండేది జెర్సీ సిటీలో అయినా ఉద్యోగం ప్రిన్స్‌టన్‌లో ఉంటే మెర్సర్ ఊళ్లలోనూ మీకు ప్రాధాన్యం ఉంటుంది. అప్లికేషన్‌లో పనిచేసే చోటు అడ్రస్ తప్పకుండా నింపండి. దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్లు చాలామంది.

ఇంకో జాగ్రత్త. పోస్టల్ అడ్రస్ చూసి ఊరు నిర్ణయించకండి. ప్రిన్స్‌టన్ అని రాసున్న అడ్రస్ నిజానికి ప్లెయిన్స్‌బరోలోనో, సౌత్ బ్రన్స్‌విక్‌లోనో, మాంట్‌గోమరీలోనో ఉండొచ్చు. టౌన్‌షిప్ పేరు, స్కూల్ డిస్ట్రిక్టు పేరు రెండూ విడిగా నిర్ధారించుకోండి.

4. ఇళ్లు వెతకండి, వీలున్నన్ని లిస్టుల్లో చేరండి

మొదట చూడాల్సింది రాష్ట్ర ప్రభుత్వ ఉచిత సైట్, న్యూజెర్సీ హౌసింగ్ రిసోర్స్ సెంటర్. లాటరీకి 60 రోజుల ముందే ఆ యూనిట్ల వివరాలు అక్కడ పెట్టాలని నిబంధన. వారానికోసారి చూసే అలవాటు చేసుకోండి.

రెండోది, ఊరి సొంత వెబ్‌సైట్. ప్రతి టౌన్‌షిప్‌లో మున్సిపల్ హౌసింగ్ లయజాన్ అనే ఉద్యోగి ఉంటారు. "మీ ఊళ్లో అఫోర్డబుల్ యూనిట్లు ఏయే కాంప్లెక్సుల్లో ఉన్నాయి, వాటి అడ్మినిస్ట్రేటివ్ ఏజెంట్ ఎవరు?" అని వాళ్లను అడిగితే చాలు. చాలా ఊళ్లు సీజీపీ అండ్ హెచ్, పియాజా అండ్ అసోసియేట్స్ లాంటి సంస్థలకు ఈ పని అప్పగిస్తాయి. ఒక సంస్థ దగ్గర ప్రొఫైల్ పెట్టుకుంటే అది చూసే చాలా ఊళ్లకు అక్కడి నుంచే అప్లై చేయొచ్చు. కానీ వేరే సంస్థ చూసే ఊరికి మళ్లీ విడిగా చేయాలి. "ఒకసారి పెట్టాం కదా, రాష్ట్రమంతా వర్తిస్తుంది" అనుకోవడం పొరపాటు.

ఈ ప్రాథమిక అప్లికేషన్ దశలోనే డబ్బు అడిగితే, "లిస్టులో పైకి జరిపిస్తాను" అంటే, నమ్మకండి. లాటరీలో ఎవరూ ఎవరినీ పైకి జరపలేరు. క్రెడిట్ చెక్ ఫీజు ఉంటే అది చివర్లో, ఒక నిర్దిష్టమైన యూనిట్ మీకు చూపించాక వస్తుంది.

5. ప్రాథమిక అప్లికేషన్ నింపండి

పని పెద్దదేం కాదు. పేర్లు, ఆదాయం, ఎంతమంది, ఎన్ని బెడ్రూములు, ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు. ఒక కుటుంబానికి ఒక్కటే అప్లికేషన్. భార్య పేరుతో ఒకటి, భర్త పేరుతో ఒకటి పెడితే రెండూ పోయే ప్రమాదం ఉంది.

గడువులోపు మొదటిరోజు పెట్టినా చివరిరోజు పెట్టినా లాటరీలో ఒకటే, కాబట్టి తొందరపడి తప్పులు రాయకండి. గడువు దాటాక వచ్చినవి మాత్రం వచ్చిన వరసలో అడుగున చేరతాయి.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, పే స్టబ్‌లో వెనక, బ్యాంకులో పొడి అక్షరంగా, డ్రైవింగ్ లైసెన్సులో అసలే ఉండదు. కొందరికి మొదటి పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని ఉంటుంది. చూసేవాళ్లకు ఇవి ఇద్దరు ముగ్గురు మనుషుల కాగితాల్లా అనిపిస్తాయి. అప్లికేషన్‌లో పేరు ఫొటో ఐడీలో ఉన్నట్టే రాయండి. మిగతా రూపాలన్నీ నేనే అని ఒక పేజీ అఫిడవిట్ రాసి నోటరీ చేయించి ఫోల్డర్‌లో పెట్టుకోండి.

6. లిస్టులో మీ పేరు బతికుండేలా చూసుకోండి

లాటరీ అయిపోయాక నెలలు గడవొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. ఈలోగా ఇల్లు మారినా, ఫోన్ నంబర్, ఈమెయిల్ మారినా, బిడ్డ పుట్టినా, ఉద్యోగం పోయినా ఏజెంట్‌కి తెలియజేయాలి. "ఇంకా ఆసక్తి ఉందా?" అని అప్పుడప్పుడూ మెయిల్ పంపుతారు. జవాబు రాకపోతే పేరు తీసేస్తారు. ఆ మెయిల్ స్పామ్‌లోకి పోయి అవకాశం పోగొట్టుకున్నవాళ్లను తలుచుకుంటే నాకు చాలా బాధేస్తుంది. ఇంటి అప్లికేషన్ల కోసమే ఒక ఈమెయిల్ తెరిచి, భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి.

ఏ ఊరికి ఏ తేదీన పెట్టారు, ఏజెంట్ ఎవరు, అప్లికేషన్ నంబర్ ఎంత అని ఒక కాగితం మీదో ఎక్సెల్‌లోనో రాసుకోండి. చాలా ఊళ్లకు పెట్టాక ఇది లేకపోతే అయోమయమే.

7. పిలుపొచ్చాక పూర్తి అప్లికేషన్

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ఉత్తరంలో గడువు తేదీ ఉంటుంది, సాధారణంగా చాలా తక్కువ రోజులే. ఫోల్డర్ సిద్ధంగా ఉంటే ఒక సాయంత్రం పని. లేకపోతే పాత యజమాని నుంచి డబ్ల్యూ-2 తెప్పించుకునేలోపే గడువు దాటిపోతుంది.

పే స్టబ్‌లు పాతవైపోతే కొత్తవి పెట్టండి. టాక్స్ రిటర్న్ కాపీ పోతే ఐఆర్ఎస్ సైట్‌లో ట్రాన్‌స్క్రిప్ట్ ఉచితంగా దొరుకుతుంది. ఏదైనా ఏడాది టాక్స్ ఫైల్ చేయాల్సిన అవసరమే లేకపోతే, ఎందుకో రాసి సంతకం పెట్టిన లెటర్ జతచేయండి. ఖాళీ వదిలేయొద్దు.

బ్యాంకు స్టేట్‌మెంట్లో జీతం కాకుండా పడిన ప్రతి మొత్తం గురించీ అడుగుతారు. ఇంట్లో చీటీ డబ్బు వసూలు చేసినవి, రూమ్మేట్ జెల్ (Zelle) యాప్‌లో పంపిన కరెంటు బిల్లు వాటా, తమ్ముడు తిరిగిచ్చిన అప్పు, అన్నీ అక్కడ కనిపిస్తాయి. వాళ్లు అడిగేదాకా ఆగకుండా, తేదీ, మొత్తం, ఎవరు పంపారు, ఎందుకు అని ఒక పేజీలో రాసివ్వండి. అన్నయ్య నెలనెలా అయిదొందలు పంపిస్తుంటే మాత్రం అది ఆదాయంగానే లెక్కకొస్తుంది. దాన్ని అప్పు అని రాయకూడదు.

అద్దె మీ ఆదాయానికి సరిపోతుందో లేదో కూడా ఇక్కడే చూస్తారు. సాధారణ నియమం, అద్దె మీ నెలసరి గ్రాస్ ఆదాయంలో 35 శాతం దాటకూడదు. 55 లేదా 62 ఏళ్లు పైబడినవాళ్లకు కేటాయించిన ఇళ్లలో 40 శాతం దాకా ఒప్పుకుంటారు. పైన చెప్పిన 45,760 డాలర్ల ఆదాయానికి నెలకు 3,813 పడుతుంది, అందులో 35 శాతం అంటే సుమారు 1,334. ఆ యూనిట్ అద్దె 1,300 అయితే పర్వాలేదు, 1,450 అయితే ఇబ్బంది. ఇప్పటికే అంతకన్నా ఎక్కువ శాతం అద్దె కడుతూ నెట్టుకొస్తున్నట్టు రుజువు చూపిస్తే మినహాయింపు అడగొచ్చు. ఇప్పటి లీజు, అద్దె కడుతున్నట్టు రుజువు ఫోల్డర్‌లో పెట్టుకోమన్నది అందుకే.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఈ యూనిట్ల అద్దె మీ జీతాన్ని బట్టి తగ్గదు. దానికి ఒక స్థిరమైన ధర ఉంటుంది. ఆదాయంలో సుమారు 30 శాతమే కట్టి మిగతాది ప్రభుత్వం కట్టేది వౌచర్ ఉన్నప్పుడు. మీకు వౌచర్ ఉంటే దాన్ని ఈ ఇళ్లలో కూడా వాడుకోవచ్చు. వౌచర్ ఉందన్న కారణంతో ఇల్లు నిరాకరించడం న్యూజెర్సీలో చట్టవిరుద్ధం.

8. ఇల్లు చూడండి, లీజు చదవండి

అర్హత సర్టిఫికెట్ వచ్చాక ఇంటి యజమాని తరఫున క్రెడిట్ చెక్ ఉంటుంది. కొత్తగా వచ్చి క్రెడిట్ హిస్టరీ లేనివాళ్లు, అద్దె, కరెంటు, ఫోన్ బిల్లులు సమయానికి కట్టిన రుజువులు తీసుకెళ్లండి. సెక్యూరిటీ డిపాజిట్ నెలన్నర అద్దెకు మించి అడగడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు.

అద్దెలో నీళ్లు, హీటింగ్, పార్కింగ్ ఉన్నాయో లేదో అడగండి. బస్సులు సరిగ్గా లేని సబర్బు అయితే రెండో కారు ఖర్చు కూడా లెక్కవేయండి. అద్దెలో మిగిలింది ఇన్సూరెన్సుకీ గ్యాసుకీ పోతే లాభం లేదు. లీజు మీద సంతకం పెట్టేముందు స్కూల్ డిస్ట్రిక్టు ఆఫీసుకు ఫోన్ చేసి ఆ అడ్రస్ ఏ స్కూలుకు వస్తుందో కనుక్కోండి.

ఆ ఇంట్లో మీరే ఉండాలి. ఒక గది ఇంకొకరికి అద్దెకివ్వడం, ఎయిర్‌బీఎన్‌బీలో పెట్టడం కుదరదు. ఇండియాకు నెలల తరబడి వెళ్లాల్సి వస్తే ముందే రాతపూర్వకంగా అడగండి. చేరాక జీతం పెరిగితే ఖాళీ చేయమంటారేమోనని చాలామందికి టెన్షన్. అర్హతతో చేరినవాళ్లను జీతం పెరిగిందన్న ఒక్క కారణంతో సాధారణంగా పంపించరు. టాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్లలో మాత్రం ఏటా ఆదాయం కాగితాలు అడగొచ్చు.

కొనాలనుకుంటే

అఫోర్డబుల్ టౌన్‌హౌస్‌లు, కాండోలు అమ్మకానికీ వస్తాయి. అడుగులు ఇవే, అదనంగా బ్యాంకు నుంచి మార్ట్‌గేజ్ ప్రీక్వాలిఫికేషన్ కావాలి. నెలవారీ ఖర్చు చూసేటప్పుడు అసలు, వడ్డీతో పాటు ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్, అసోసియేషన్ ఫీజు కలిపి చూడండి. డీడ్‌లో దశాబ్దాల పాటు ఉండే షరతు ఉంటుంది. అమ్మేటప్పుడు మార్కెట్ ధర రాదు, ప్రాంతపు మధ్యస్థ ఆదాయం పెరిగిన మేరకే ధర పెరుగుతుంది. అర్హత ఉన్న కుటుంబానికే అమ్మాలి. అద్దెకివ్వకూడదు. రీఫైనాన్స్‌కి, ఇంటి మీద అప్పుకి ముందుగా అనుమతి తీసుకోవాలి. పిల్లలు చదువు ముగించేదాకా స్థిరంగా ఉండాలనుకునేవాళ్లకు ఇది చాలా మంచి దారి. పెట్టుబడిగా చూసేవాళ్లు మాత్రం దీని జోలికి రాకపోవడమే మంచిది.

పంపేముందు సరిచూసుకోండి

అప్లికేషన్‌లో రాసిన ఆదాయాన్ని తాజా పే స్టబ్‌లో ఇప్పటిదాకా అయిన మొత్తంతో పోల్చండి. జూన్ 30 నాటికి ఆ మొత్తం 25,000 ఉంటే ఏడాదికి సుమారు 50,000. మీరు 45,000 రాసుంటే ఓవర్‌టైమ్ మర్చిపోయారన్నమాట. స్టేట్‌మెంట్లలో "6లో 1వ పేజీ" అని ఉంటే ఆరూ ఉన్నాయా చూడండి. ఫోన్‌లో తీసిన ఫొటోలు మసకగా ఉంటే తిప్పి పంపుతారు, స్కాన్ చేయండి. 18 దాటిన ప్రతి ఒక్కరి సంతకం ఉందా? పంపాక, అందినట్టు జవాబు మెయిల్ వచ్చిందా? రెండు మూడు రోజుల్లో రాకపోతే ఫోన్ చేసి కనుక్కోండి. ఎవరితో మాట్లాడారో, ఏ తేదీనో రాసిపెట్టుకోండి.

వేరే రాష్ట్రాల్లో ఉంటే

మసాచుసెట్స్‌లో 1969 నాటి చాప్టర్ 40బి చట్టం కింద బోస్టన్ చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి యూనిట్లు వస్తాయి, అక్కడా లాటరీయే. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ 1970ల నుంచి ఎంపీడీయూ అనే కార్యక్రమం నడుపుతోంది. కొత్తగా కట్టే కాలనీల్లో కొంత వాటా మధ్యతరగతికి, అంతకన్నా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కేటాయిస్తారు. ఆదాయ పరిమితులు, ప్రాధాన్యాలు వేరు కానీ ఫోల్డర్ మాత్రం దాదాపు ఇదే.

కాదంటే ఏం చేయాలి

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఫోన్లో చెప్పింది విని ఊరుకోవద్దు. ఉత్తరంలో అప్పీలు గడువు ఉంటుంది. ఆదాయం లెక్కలో తేడా వచ్చిందని ఉంటే ముందు మీ లెక్క, వాళ్ల లెక్క పక్కపక్కన రాసుకోండి. పోయినేడు ఒక్కసారే వచ్చిన బోనస్‌ను ప్రతి ఏడూ వచ్చేదిగా లెక్కేసి ఉండొచ్చు. అలాంటప్పుడు యజమాని నుంచి లెటర్ తెచ్చి జతచేస్తే నిర్ణయం మారే అవకాశం ఉంది. నిజంగానే పరిమితి దాటితే ఆ ఊరు వదిలేసి, లో కింద కాకుండా మోడరేట్ కింద మిగతా లిస్టుల్లో మీ ప్రొఫైల్ సరిచేసుకోండి.

మీ జాతి, మతం, పుట్టిన దేశం, పిల్లలున్నారన్నది, వౌచర్ ఉండటం లాంటి కారణాలతో ఆపారనిపిస్తే న్యూజెర్సీ డివిజన్ ఆన్ సివిల్ రైట్స్‌లో ఫిర్యాదు చేయొచ్చు. దానికి గడువు 180 రోజులు. లాయర్ ఫీజు భరించలేనివాళ్లు లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీని సంప్రదించొచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 211 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఇంగ్లిష్‌లో ఇబ్బంది అయితే ఇంటర్‌ప్రిటర్ కావాలని, భాష తెలుగు అని మొదటి మాటలోనే చెప్పండి.